మన చలికి ఎంత మంట కావాలి?

కార్తీకం వెళ్ళిపోయి మార్గశిరం వచ్చిందంటే చాలు, మన ఇళ్ళల్లో ముసలివాళ్ళు సాయంత్రం నాలుగింటికే దుప్పటి కప్పుకుని కూర్చుంటారు. "ఈ ఏడు చలి ఎక్కువ" అని ప్రతి ఏడూ అనుకుంటాం. సంక్రాంతి దాటి శివరాత్రి వచ్చేసరికి ఆ మాట మనమే మరిచిపోతాం. ఆ మధ్యలో ఉండే రెండు నెలల గురించే ఈ వారం మన కబుర్లు.

అసలు సంగతి ఏమిటంటే, పోయిన ఆదివారం ఓబులదేవరచెరువు నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. అక్కావాళ్ళు అక్కడ పాత మిద్దె కొట్టేసి కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. గోడలు లింటల్ దాకా లేచాయి. కొడుకు అమెరికాలో, మంచు కురిసే మిషిగన్‌లో ఉంటాడు. వాళ్ళింటి హాల్లో గోడలో మంట వెలుగుతుంటే దాని ముందు పిల్లలు కూర్చున్న ఫోటో పంపాడట. "అమ్మా, మన హాల్లో కూడా ఇట్లాంటిదొకటి పెట్టించు, అవ్వకి వెచ్చగా ఉంటుంది" అన్నాడట.

"ఏం చేయమంటావు పాపా? మేస్త్రి సోమవారం లోపల చెప్పమంటాండాడు. గోడ లేచినాక పొగ గొట్టానికి దావ చేసేది కష్టమంట. పిల్లోడు ముచ్చటపడి అడిగినాడు. కాదంటే చిన్నబుచ్చుకుంటాడేమో. మా ఆయన మాత్రం, మనకి ఇవన్నీ యాలనే, అత్త గదిలో ఒక కుంపటి పెట్టి తలుపు మూసేస్తే సరిపోతుందంటాండాడు" అంది అక్క.

ఆ చివరి మాట వినగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మేస్త్రికి చెప్పవలసిన జవాబు చూద్దాం. ఈ రోజుల్లో పల్లెల్లో కూడా కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. పరదేశాల్లో పిల్లలున్న ఇళ్ళూ ఎక్కువయ్యాయి. ఇటువంటి ప్రశ్న రేపు మీకూ రావచ్చు.

మన చలి ఎంతమ్మా?

ఏ వస్తువు కొన్నా ముందు అవసరం ఎంతో కొలుచుకోవాలి కదా! ఓ.డి.చెరువు, కదిరి, గోరంట్ల, హిందూపురం, ఈ ప్రాంతమంతా 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లా. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారినా ఎండ మారలేదు, చలీ మారలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 15, 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. కొన్ని రోజులు ఇంకా కాస్త దిగుతుంది. పది గంటలకల్లా ఎండ చుర్రుమంటుంది. మధ్యాహ్నానికి 28 డిగ్రీలు దాటుతుంది, ఫ్యాను వేసుకుంటాం.

అంటే మనకు చలి రోజులో నాలుగైదు గంటలు, ఏడాదిలో ఓ అరవై రోజులు. మన రాష్ట్రంలోనే లంబసింగి ఉంది, అక్కడ కొన్ని రోజుల్లో గడ్డి మీద మంచు పేరుకునేంత చలి. అక్కడివాళ్ళ సంగతి వేరు. మిషిగన్‌లో అయితే చలికాలం నెలల తరబడి నీళ్ళు గడ్డకట్టే స్థితే. వాళ్ళకు వేడి లేకపోతే ప్రాణం నిలవదు. మనకు వేడి కావలసింది ముసలివాళ్ళ కీళ్ళకు, పసిపిల్లల ఒంటికి, పొద్దున్నే నీళ్ళు పోసుకోవడానికి.

గోడలో మంట ఏం చేస్తుంది?

ఊటీ, కొడైకెనాల్ వెళ్ళినవాళ్ళు పాత బంగళాల్లో గోడలో కట్టిన ఈ మంటగూళ్ళు చూసే ఉంటారు. అందంగా ఉంటాయి, కాదనను. కానీ దాని పనితీరు చూడండి. కట్టెలు మండితే వేడి గాలి పైకి లేస్తుంది. పొగతోపాటు ఆ వేడి గాలి కూడా గొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. తెరిచి ఉన్న మంటగూట్లో రూపాయి కట్టె కాలిస్తే మనకు దక్కేది పది, పదిహేను పైసల వేడి. మిగిలిందంతా కాకులకే! అది చాలదన్నట్టు, ఆ మంట గదిలో ఉన్న గాలిని లాక్కుని గొట్టంలోంచి బయటికి తోస్తుంది. దాని బదులు తలుపు సందుల్లోంచి, కిటికీ సందుల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. మంట ముందు కూర్చున్నవాళ్ళకు ముఖం కాగుతుంది, వీపు వణుకుతుంది. అందుకే చలి దేశాల్లో కూడా చాలామంది దీన్ని నమ్ముకోవడం మానేసి, తలుపు ఉన్న ఇనప పొయ్యిలకూ, ఇల్లంతా వేడిచేసే యంత్రాలకూ మారిపోయారు. అక్కడి హాల్లో కనిపించే మంట చాలా ఇళ్ళల్లో గ్యాసు మంట, ముచ్చటకోసం పెట్టుకున్నది.

మనకైతే ఇంకో చిక్కు. అరవై రోజులు వాడి మూడొందల రోజులు వదిలేసిన గొట్టంలో పిచ్చుకలు గూడు పెడతాయి. తేనెటీగలు, బల్లులు, తేళ్ళు చేరతాయి. వానకు నీళ్ళు దిగుతాయి. మళ్ళీ మార్గశిరంలో శుభ్రం చేయకుండా వెలిగిస్తే పొగ అంతా హాల్లోకే. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళల్లో ఆ గొట్టం తెరిచి ఉంటే బయటి వడగాలి కూడా లోపలికి దిగుతుంది. కట్టడానికి అయ్యే ఖర్చు, గోడ మందం, స్లాబులో కన్నం, ఇవన్నీ వేరే.

కాబట్టి మేస్త్రికి జవాబు: హాల్లో వద్దు. పిల్లవాడికి జవాబు: "నాయనా, నీ ముచ్చట తీరుస్తాం, కానీ నిప్పు పెట్టవలసిన చోటే పెడతాం."

మరి ఆ చోటు ఏది? వంటింట్లో, పెరట్లో!

పొయ్యి మానలేదు, మానం కూడా

ఈ మాట చదివి "ఇంకా కట్టెల పొయ్యి ఏమిటండీ, అందరికీ గ్యాసు వచ్చింది కదా" అంటారేమో. నిజమే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది, 2016లో కేంద్రం ఉజ్జ్వల తెచ్చింది, 2024 నవంబరులో దీపం-2 కింద అర్హులైనవాళ్ళకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. పప్పుకు, కాఫీకి, పిల్లల టిఫినుకు గ్యాసును మించింది లేదు. రోజూ వంట దాని మీదే చేసుకోండి. ఆడవాళ్ళ కళ్ళకూ ఊపిరితిత్తులకూ అదే మేలు.

కానీ నలుగురున్న ఇంట్లో అండాడు నీళ్ళు గ్యాసు మీద కాచుకుంటామా? పది మంది వచ్చిన రోజు రాగి సంగటి గ్యాసు పొయ్యి మీద గెలికితే పొయ్యే కదిలిపోతుంది! ఉగాదికి ఓళిగలు కాల్చాలన్నా, ఉలవలు ఉడకబెట్టాలన్నా కట్టెల పొయ్యి ముందు కూర్చునేవాళ్ళమే ఎక్కువ. పైగా చేలో కంది కట్టె ఉంది, గట్ల మీద కంప ఉంది, చెనక్కాయలు ఒలిచిన పొట్టు ఉంది. డబ్బు పెట్టి కొననక్కర్లేని వంటచెరుకు ఎవరు వదులుకుంటారు? ఉన్న సంగతి ఒప్పుకుని, పొయ్యిని బాగుచేసుకోవడమే తెలివి.

పొగ లేని పొయ్యి ఆలోచన మన తెలుగునాట పాతదే. హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి. రాజుగారు గొట్టం ఉన్న మట్టి పొయ్యి తయారుచేసి, పల్లె వంటిళ్ళలో పొగ పోవాలని 1953లో ఏకంగా ఒక పుస్తకమే వేశారు. మనకు పక్కనే ఉన్న బెంగుళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌వాళ్ళు 1974లో పల్లెల కోసం 'ఆస్త్ర' అనే కేంద్రం పెట్టి, మూడు గిన్నెలు పట్టే పొయ్యి ఒకటి చేశారు. కన్నడంలో పొయ్యిని 'ఒలె' అంటారు కాబట్టి దానికి 'ఆస్త్ర ఒలె' అని పేరు. 1980లలో కేంద్ర ప్రభుత్వం కూడా ఊరూరా పొగ లేని పొయ్యిలు కట్టించింది. 2002లో ఆ కార్యక్రమం ఆగిపోయింది.

మరి ఆ పొయ్యిలన్నీ ఏమయ్యాయి? మీ ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి, నవ్వుతారు. మన సంగటి కడవ పట్టని కన్నం, మన కట్టె దూరని నోరు. కట్టె పట్టడం లేదని నోరు పగలగొట్టుకున్నారు. గొట్టంలో మసి తీయలేదు, అది పూడిపోయింది. మూడో ఏటికి పొయ్యి మూల పడింది, మళ్ళీ మూడు రాళ్ళు వచ్చాయి. పొయ్యి తప్పు కాదు, మనదీ తప్పు కాదు. వంట చేసే మనిషిని అడగకుండా పొయ్యి కడితే అంతే అవుతుంది. అందుకే మేస్త్రి వచ్చినప్పుడు మగవాళ్ళకు వదిలేయకుండా మీరే దగ్గర నిలబడండి.

మేస్త్రికి చెప్పవలసినవి

మొదటిది, మీరు రోజూ వాడే రెండు గిన్నెలు తెచ్చి అక్కడ పెట్టండి. ఒకటి సంగటి గిన్నె, ఒకటి పప్పు గిన్నె. కన్నాలు వాటి కొలతకే ఉండాలి. గిన్నె అంచుకూ పొయ్యికీ మధ్య సందు ఉంటే పొగ అక్కడినుంచే వస్తుంది.

రెండోది, కట్టె నేల మీద కాకుండా ఇనప ఊచల జాలీ మీద మండాలి. కిందినుంచి గాలి వస్తే మంట తెల్లగా వెలుగుతుంది, పొగ తగ్గుతుంది. బూడిద కిందికి రాలిపోతుంది, గిన్నెలకూ మంచిది.

మూడోది, మొదటి గిన్నె కిందినుంచి మంట రెండో గిన్నె కిందికి పోయి, ఆ తర్వాతే గొట్టంలోకి పోవాలి. మొదటి దాని మీద అన్నం ఉడుకుతుంటే రెండో దాని మీద నీళ్ళు కాగుతాయి. మూడు రాళ్ళ పొయ్యి మీద కట్టె వేడిలో గిన్నెకు అందేది నూటికి 10, 15 పాళ్ళే. బాగా కట్టిన పొయ్యిలో అది రెట్టింపు దాటుతుంది. అంటే మోసే కట్టె సగమవుతుంది.

నాలుగోది, పొగ గొట్టం. కాల్చిన మట్టిదైనా, సిమెంటుదైనా, రేకుదైనా ఫరవాలేదు. ఇంటి కప్పు మీదికి కనీసం 3 అడుగులు లేవాలి. లేకపోతే గాలి తిరిగినప్పుడల్లా పొగ వెనక్కి తన్నుతుంది. పైన టోపీ ఉండాలి, వాన దిగకుండా. కింద ఒక చిన్న మూత ఉండాలి, మసి తీయడానికి. నెలకొకసారి ఒక పొడుగాటి కర్రకు గుడ్డ చుట్టి మసి దులపండి. కప్పు రెల్లుదో బోదదో అయితే గొట్టం దానికి తగలకుండా దూరంగా, గోడ బయటినుంచి తీసుకుపోవాలి.

ఐదోది, కిటికీ. వాస్తువాళ్ళు ఆగ్నేయం అంటారు, అట్లాగే కట్టుకోండి. కానీ గొట్టం ఉంది కదా అని కిటికీ మానేయకండి. పొయ్యికి ఎదురుగా ఒకటి, పైన గాలి పోవడానికి ఒక వెంటిలేటరు తప్పనిసరి.

నీళ్ళు కాచే పొయ్యి మాత్రం పెరట్లోనే, బచ్చలింటి పక్కనే ఉండాలి. మధ్యలో గొట్టం, చుట్టూ నీళ్ళు ఉండే రాగి బాయిలరు అయితే నాలుగు కంది కట్టెలకే ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాగుతాయి. రేకు డబ్బాలో చెనక్కాయ పొట్టు దట్టించి, మధ్యలో కన్నం ఉంచి వెలిగించే పొట్టు పొయ్యి కూడా బాగా పనికొస్తుంది. గంటల తరబడి నిదానంగా కాలుతుంది. కానీ అది ఆరుబయటే సుమా! ముసలివాళ్ళు పడుకునే గది కిటికీ వైపు ఈ పొయ్యి రాకుండా చూసుకోండి.

కట్టె సంగతి కూడా ఒక మాట. పచ్చి కట్టె పొగ తప్ప వేడి ఇవ్వదు. ఒక ఎండాకాలమంతా ఎండిన కట్టెను వాన తగలని చోట దాచుకోండి. ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు, టైరు ముక్కలు పొయ్యిలో వేయకండి. ఆ పొగ విషం.

ఇప్పుడు ఆ కుంపటి సంగతి

అక్క మాట విని నా గుండె ఎందుకు ఝల్లుమందో చెబుతానన్నాను కదా. ఈ సంగతి నేను ఇంతవరకూ ఈ పేజీలో రాయలేదు.

నా తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళాను. పుష్యమాసం. మట్టి మిద్దె, పడసాల పక్కన చిన్న గది. బాలింతకు గాలి సోకకూడదని కిటికీకి గోనె కట్టారు, తలుపు మూశారు. మిద్దె మీద గవాచి ఉంటుంది కదా, వెలుతురు కోసం ఉంచే కన్నం, దాని మీద కూడా మంచు పడుతుందని బండ కప్పారు. నులక మంచం కింద కణకణలాడే నిప్పులతో కుంపటి పెట్టారు. పొగ లేదు, వాసన లేదు. వెచ్చగా, హాయిగా ఉంది. పక్కన పదకొండు రోజుల పాప.

రాత్రి ఏ జామునో మెలకువ వచ్చింది. తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోంది. లేద్దామంటే కాళ్ళు లేవవు, పిలుద్దామంటే నోరు రాదు. పాప ఏడవడం లేదు. ఆకలి వేళ దాటినా ఏడవడం లేదు. ఆ సంగతి తెలుస్తోంది, కానీ చేయి చాచి తాకలేకపోతున్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా నా చేతులు చల్లబడుతున్నాయి.

తెల్లవారుజామున పాలు పితకడానికి లేచిన మా జేజి, ఎందుకో పాప మాట వినపడలేదే అని తలుపు తోసింది. నన్ను ఈడ్చుకొచ్చి పడసాలలో పడుకోబెట్టింది. పాపను తీసుకుని బయట చలిలో అటూ ఇటూ నడిచింది. కాసేపటికి పాప కెవ్వుమంది. ఆ ఏడుపంత తీయటి శబ్దం నేను మళ్ళీ వినలేదు.

అందరూ ఏమన్నారో తెలుసా? "బాలింతకు గాలి సోకింది" అన్నారు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఇంకా రెండు దుప్పట్లు కప్పారు! చాలా ఏళ్ళ తర్వాత ఒక లేడీ డాక్టరుతో మాటల్లో ఈ సంగతి చెబితే ఆమె తల పట్టుకుంది. "గాలి సోకడం కాదమ్మా, గాలి లేకపోవడం" అంది.

ఆమె చెప్పింది మీకు చెబుతాను. నిప్పులు, బొగ్గులు గాలి చాలకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్ళు మండవు, దగ్గు రాదు. కట్టె పొగ అయితే మనల్ని దగ్గించి, కళ్ళు మండించి బయటికి తరుముతుంది. ఇది జోకొట్టి నిద్రపుచ్చుతుంది. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లు గట్టిగా అంటుకుంటుంది. ఒళ్ళంతా ఊపిరికి అల్లాడుతుంటే మనకు మాత్రం నిద్ర వస్తున్నట్టు ఉంటుంది. కడుపుతో ఉన్నవాళ్ళకూ, పసిపిల్లలకూ, ముసలివాళ్ళకూ ఇంకా తొందరగా తగులుతుంది.

"మా అవ్వలు, జేజులు అందరూ కుంపటి పెట్టుకున్నవాళ్ళే కదా, వాళ్ళకేం కాలేదే" అంటారు. నేనూ అదే అడిగాను. దానికి జవాబు ఇంట్లోనే ఉంది చూడండి. పాత మిద్దెకు గవాచి ఉండేది, తలుపు చెక్కల మధ్య వేలు దూరే సందు ఉండేది. గాలి తన దావ తాను చూసుకునేది. మా ఇంట్లో గవాచి మీద బండ కప్పిన రాత్రే నాకు ఆ గండం వచ్చింది. ఇప్పుడు కట్టే స్లాబు ఇళ్ళకు గవాచి లేదు. ఏసీ కోసమని, దుమ్ము రాకూడదని సందు లేని అద్దాల కిటికీలు పెడుతున్నాం. కుంపటి అదే, నిప్పులు అవే. ఇల్లు మాత్రం ఆ ఇల్లు కాదమ్మా.

అందుకే అక్కతో ఒక్కటే చెప్పాను. "గోడలో మంట పెట్టుకుంటే డబ్బు దండగ, అంతే. కానీ అత్త గదిలో కుంపటి పెట్టి తలుపు మూయడం మాత్రం ఈ జన్మలో వద్దు." కుంపటే కాదు, పొట్టు పొయ్యి, గ్యాసు పొయ్యి, ఏదైనా సరే, వేడి కోసం వెలిగించి మూసిన గదిలో పడుకోకూడదు. బాలింతకూ బిడ్డకూ సాంబ్రాణి వేసే అలవాటు ఉన్నవాళ్ళు కూడా ఆ నిప్పులు గదిలో వదిలేయకుండా వెంటనే బయట పెట్టేయండి. అసలు ఆ పొగ పసిబిడ్డకు మంచిది కాదని పిల్లల డాక్టర్లు చెబుతారు.

ఎప్పుడైనా నిప్పులున్న గదిలో ఉన్నవాళ్ళకు తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, మత్తు వస్తే మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టకండి. తలుపులన్నీ తీసి, మనిషిని ముందు ఆరుబయటికి తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరు చూడవలసిందే.

మరి ముసలివాళ్ళకు వెచ్చగా ఎట్లా?

నిప్పు వద్దంటే సరిపోదు, చలి తీరే దారి చెప్పాలి కదా! మన చలికి మంట కన్నా కప్పుకునేదే ఎక్కువ పనిచేస్తుంది.

పెద్దావిడ మంచం కిటికీ పక్కనుంచి, గోడనుంచి జానెడు దూరం జరపండి. చలికాలం గాలి తూర్పు, ఈశాన్యం వైపునుంచి వస్తుంది కాబట్టి ఆ కిటికీకి మందపాటి పరదా వేయండి, కానీ ఎదురువైపు పైన ఉన్న వెంటిలేటరు మూయకండి. చలి కిందినుంచి కూడా ఎక్కుతుంది. అందుకని పరుపు కింద ఒక పాత చీరల బొంత వేయండి. పైన మన వైపు కురుబవాళ్ళు గొర్రె బొచ్చుతో నేసే కంబళి కప్పండి. గుచ్చుకుంటుందంటే లోపల ఒక నూలు దుప్పటి వేస్తే సరి. కాళ్ళకు మేజోళ్ళు, తలకు గుడ్డ. పడుకోబోయే ముందు రబ్బరు సంచిలో వేడి నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, పాదాల దగ్గర పెట్టండి. నీళ్ళు మరీ సలసల కాగినవి పోయకండి. షుగరు ఉన్నవాళ్ళకు పాదాల స్పర్శ తక్కువ, కాలినా తెలియదు.

కరెంటు హీటరు కొనేవాళ్ళు ఒక లెక్క గుర్తుంచుకోండి. 1000 వాట్ల హీటరు గంటకు ఒక యూనిట్ తాగుతుంది. పడుకునే ముందు అరగంట వేసి ఆపేస్తే చాలు. పెద్ద ప్లగ్గుకే పెట్టండి, పరదాకూ మంచానికీ దూరంగా ఉంచండి.

పొద్దున ఎండ వచ్చాక పెద్దావిడను పడసాలలో ఎండ పడే చోట కూర్చోబెట్టండి. కొత్త ఇల్లు కట్టేవాళ్ళయితే తూర్పు వైపు ఒక అరుగు కట్టించండి. మంటగూటికి అయ్యే ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు. పదేళ్ళు కాదు, మూడు తరాలు కూర్చుంటుంది.

చలిమంట కావాలా? పెరట్లో వేసుకోండి, ఆ ముచ్చట ఎందుకు వదులుకోవాలి! వాముకు, దొడ్డికి దూరంగా వేయండి. పాలిస్టరు చీర కట్టుకున్నవాళ్ళు కొంగు బిగించుకోండి, అది అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పక్కన ఒక బిందెడు నీళ్ళు ఉండాలి. లేచిపోయే ముందు నిప్పుల మీద నీళ్ళు చల్లాలి. ఆ మిగిలిన నిప్పులు "ఊరికే పోతాయి కదా" అని కుంపట్లోకి ఎత్తి లోపలికి తెచ్చుకోవడం మాత్రం వద్దు. చాలా ఇళ్ళల్లో ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

లోపలినుంచి వెచ్చదనానికి ఒక చిట్కా. నాలుగు చెంచాల ధనియాలు, చిటికెడు జీలకర్ర, నాలుగు మిరియాలు దోరగా వేయించి, చిన్న శొంఠి ముక్కతో కలిపి పొడి చేసుకోండి. గ్లాసుడు నీళ్ళలో ఒక చెంచా పొడి, కాస్త బెల్లం వేసి మరిగించి వడగట్టి, కావాలంటే పాలు కలపండి. సాయంత్రం ఈ ధనియాల కాఫీ ఒక గ్లాసు ఇస్తే ముసలివాళ్ళు "ఈ ఏడు చలి ఎక్కువ" అనడం కాస్త తగ్గిస్తారు!

అక్క ఏం చేసింది?

సోమవారం సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసింది. హాల్లో మంటగూడు లేదు. వంటింట్లో గ్యాసు బండ పక్కనే రెండు గిన్నెల పొయ్యి, గొట్టం కోసం స్లాబులో దావ. పెరట్లో నీళ్ళ పొయ్యి. తూర్పున అరుగు. అత్త గదిలో పైన ఒక వెంటిలేటరు, మూసే రెక్క లేకుండా, దోమల జాలీతో.

"పిల్లోనికి ఏం చెప్పినావు?" అని అడిగాను.

"సంక్రాంతికి వస్తానన్నాడు. పెరట్లో ఇటుకలతో గుండ్రంగా ఒక గుంత కట్టిపిస్తాండా, చుట్టూ కూర్చునేకి బండలు. వానిది, వాని పిల్లోళ్ళది ముచ్చట ఆడ తీరుతుంది. చెనక్కాయలు కాల్చుకుని తింటారు" అంది. కాసేపు ఆగి, "పాపా, ఆ కుంపటి సంగతి... మాకు ఇన్నేళ్ళూ చెప్పలేదే నువ్వు?" అంది.

ఏం చెప్పను? చెప్పుకోవలసింది అని నాకు తోచలేదు. బాలింత గదిలో జరిగినవి బయటికి రాకూడదనే కదా మనల్ని పెంచారు. ఆ పదకొండు రోజుల పాపకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. పోయిన నెల దాని కూతురు సమర్తాడిన ఫంక్షనులో, మా అమ్మ పాత సామాన్ల గదిలోంచి ఆ కుంపటి పట్టుకొచ్చి "దీంట్లో సాంబ్రాణి వేద్దామా" అంది. నేను తీసుకుని వాకిట్లో పెట్టి, మట్టి నింపి, తులసి మొక్క నాటాను.

మీ ఇంట్లో ఎవరైనా బాలింత ఉన్నా, మంచం పట్టిన పెద్దవాళ్ళు ఉన్నా, ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి వాళ్ళ గదిలోకి వెళ్ళి చూడండి. నిప్పు ఉంటే బయట పెట్టండి. ఒక కిటికీ రెక్క నాలుగు వేళ్ళంత తీసి ఉంచండి. చలికి ఇంకో దుప్పటి కప్పండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.